పాలు బందు పెట్టిన ఇల్లు

అరవైల్లో మాది బోధన్. బాపు, అంటే నాన్న, చెరకు బండి తోలేవాడు. అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్ళం. అవ్వ, అక్క ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళు. అక్కకు చిన్నతనంలోనే చక్కెర జబ్బు వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ ఊళ్ళో ఉంటున్నందుకేనని వాడకట్టు వాళ్ళు అనేవారు. నోరుందని ఏదైనా అనొచ్చు కదా!

రోజూ పొద్దున్నే అవ్వ సూదిని నీళ్ళలో మరిగించేది. మందు సీసా చల్లగా ఉండాలని తడి ఇసుక పోసిన కుండలో దాచేది. తీపి ముట్టొద్దని నిజామాబాద్ డాక్టర్ అన్న మాటను దేవుడి మాటగా పట్టుకుంది. బెల్లం, పండ్లు సరే, చివరికి పాలు కూడా మానిపించింది. ఇంట్లో బర్రె పాలిస్తుండగానే!

"పాలు గూడ తియ్యగనే ఉంటయి గదనే. పానం కంటె ఎక్కువనా?" అనేది.

అక్కకు పదిహేడేళ్ళప్పుడు, బీడీల కోసం తునికాకు నానబెట్టిన నీళ్ళు గడపలో ఒలికితే జారి కూలబడింది. ఇంకొకరైతే నవ్వుకుంటూ లేచేవాళ్ళు. అక్క లేవలేదు, తొడ ఎముక విరిగింది. బండిలో గడ్డి పరిచి నిజామాబాద్ తీసుకుపోయాం.

"గింత చిన్న వయసుల గీ జబ్బొస్తే బొక్కలు గట్టిపడవమ్మా. ఊకె పడ్డా ఇరుగుతయి. గా మీద పాలు గూడ బందు పెడితిరా?" అన్నాడు ఆ డాక్టరే, అక్క ఏం తింటుందో అడిగి.

జబ్బు గురించి మొదట అన్నదేదీ అవ్వ చెవికెక్కలేదు, చివరి పాల మాటే ఎక్కింది. "నా బిడ్డ బొక్కలు నేనే ఇరగ్గొడితి" అని ఆస్పత్రి వరండాలో నెత్తి బాదుకుంది. నాకు ఆ డాక్టర్ మీద ఎంత మండిందో! పాలు తాగొచ్చని ఆనాడే ఒక్క ముక్క చెబితే ఆయన సొమ్మేం పోయేది?

అక్క అవ్వ చెయ్యి పట్టుకుంది. "ఏడ్వకవ్వా. నాకు పాలంటెనే గిట్టది. నువ్విచ్చినా నేను తాగేదాన్నే కాదు."

పచ్చి అబద్ధం! జబ్బు రాకముందు పాలగిన్నె అడుగున గోకుడు కోసం నాతో జుట్టు పట్టుకుని కొట్లాడేది ఈ అక్కే. కన్నతల్లికి తెలియదా? అయినా అవ్వ నమ్మినట్టే తల ఊపింది.

ఎముక అతకలేదు. అక్క పోయేదాకా అవ్వే ఆమెను ఎత్తుకుని వాకిట్లో ఎండకు కూర్చోబెట్టేది, గ్లాసెడు పాలు చేతికిచ్చేది. అక్క ప్రతిసారీ ముఖం చిట్లించి, గిట్టనట్టే తాగేది.