నాము అనే మాట

నాము అనే మాట నాకు పంతొమ్మిదో ఏట దాకా తెలియదు. తెలిసిన రోజున మా ఇంట్లో ఒక ఎద్దు చచ్చింది.

నేను తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని. మా నాయన ఒక లాడ్జిలో గుమాస్తా. జొన్నకూ సజ్జకూ తేడా అడిగితే తెల్లమొహం వేసేదాన్ని. అట్లాంటి నన్ను తీసుకుపోయి వడమాలపేట దగ్గర ఒక పల్లెలో, రెండెకరాల ఇంటికి కోడలిని చేశారు. నా మొగుడికి రేణిగుంటలో గోడౌను పని. వారానికోసారి వచ్చేవాడు, సంగటి తిని నిద్రపోయేవాడు, తెల్లారి బస్సుకు వెళ్లిపోయేవాడు. ఇంట్లో ఉండేది మామ, అత్త, నేను. ఇంటిని నడిపేవి మాత్రం రెండెద్దులు. ఒకటి ఎర్రటి పుల్లెద్దు, ఒకటి బూడిదరంగు మైలెద్దు.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. చుట్టుపక్కల బావులకు కరెంటు మోటార్లు వచ్చేశాయి. మా బావి దగ్గర ఇంకా కపిలే. పెద్ద తోలు బానను మోకుకు కట్టి బావిలోకి వదులుతారు. ఎద్దుల జతను వాలులో కిందికి తోలితే బాన నీళ్లతో పైకి వస్తుంది. మళ్లీ ఎద్దులు వెనక్కి వెనక్కి నడిచి గట్టెక్కాలి. పొద్దు పొడవక ముందు మొదలుపెడితే ఎండ నెత్తికెక్కేదాకా ఇదే పని. దిగేటప్పుడు మామ మోకు మీద కూర్చునేవాడు. పార పట్టుకొని కాలవకు మడవ కట్టి నీళ్లను ఒక మడిలోనుంచి ఇంకో మడిలోకి తిప్పడం నా వంతు. పచ్చని పొలాలు, పైరగాలి అని మురిసిపోయేవాళ్లను ఒక్క ఎండాకాలం మా బావిగట్టు మీద నిలబెట్టాలని ఇప్పటికీ నాకొక కోరిక.

మా మామ చదువుకోలేదు, నాలుగు మాటలు తిన్నగా మాట్లాడేవాడూ కాదు. కానీ ఎద్దుల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. ఎవరైనా ఎద్దు కొనాలంటే ఆయన్ను వెంటబెట్టుకొని పోవాల్సిందే. పళ్లు చూస్తాడు, సుళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. సరే అంటే బేరం కుదిరినట్టే. ఉన్నది ఒక్క చొక్కా అయినా, సంతలో పెద్ద పెద్ద రైతులు ఆయన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు. ఆ మర్యాద తప్ప ఆయనకు ఇంకో ఆస్తి ఉందని నేను అనుకోను.

ఆ ఏడు శివరాత్రి నాటికే జొన్న కోసేసి, కింది చేను మోళ్లతో అలాగే వదిలేశాం. పై మడుల్లో రాగి నాటాం. రాగి చేతికి వస్తే వానలు పడేదాకా మాకు సంగటి ఉంటుంది, రాకపోతే లేదు. రాగికి నీళ్లు కావాలి, నీళ్లకు కపిల తిరగాలి, కపిలకు ఎద్దులు నిలబడాలి. ఎద్దులకే మేత లేదు.

ఉగాది వచ్చేసరికి మేతకు దాచిన వేరుశెనగ తీగ, శెనక్కట్టె, అయిపోయింది. జొన్న చొప్ప అడుగంటింది. పగలంతా అత్తా నేనూ కూలికి చింతపండు గింజ తీసి, సాయంత్రం గట్లెంబడి కొడవళ్లు పట్టుకొని తిరిగేవాళ్లం. చేతికి దొరికేది గడ్డి కాదు, మన్ను. చివరికి మామ ఇంటి కప్పు మీది బోదగడ్డి పీకి నీళ్లు చల్లి ఎద్దుల ముందు వేశాడు. మనం ఎండలో ఉన్నా పరవాలేదు గానీ అవి పస్తుండకూడదు అన్నాడు. పుల్లెద్దు ఎట్లానో నెట్టుకొచ్చేది. మైలెద్దు ముసలిది. కపిల వాలులో దాని కాళ్లు వణికేవి. పుట్టింట్లో నేను పశువును ముట్టుకొని ఎరగను. అయినా దాని మీద నాకు ప్రేమ పుట్టింది. నా చేతిని నాకేది.

చైత్రం నడుమ ఒక మధ్యాహ్నం గాలితో కూడిన వాన పడింది. ఊరంతా మురిసింది. వారం తిరిగేలోపల కింది చేలో జొన్న మోళ్లు చిగురేసి, చేను మళ్లీ పచ్చబడింది. తర్వాత చినుకు లేదు. జానెడు పెరిగిన ఆ పిలకలు ఎండకు వాడి అట్లాగే నిలబడిపోయాయి. ఎద్దులు కట్టుకొయ్య దగ్గరనుంచి ఆ పచ్చదనం వైపే మెడలు చాచేవి. మామ వాటిని అటు పోనిచ్చేవాడు కాదు. ఎందుకో నేను అడగలేదు. కొత్త కోడలు అన్నీ అడగదు.

అట్లా ఉండగా ఆడబిడ్డ కాన్పుకని అత్త పుత్తూరు పోయింది. చుట్టాల ఊళ్లో ఇంత వరిగడ్డి ఇస్తారని తెలిసి మామ ఒకరోజు పొద్దున్నే బయలుదేరాడు. పోతూ పోతూ, మధ్యాహ్నం ఎద్దులకు నీళ్లు పెట్టమని చెప్పాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "కింద చేన్లో నాము ఉండాది పాపా, అట్ల తోలొద్దు" అన్నాడు.

నాకు వినబడింది నామం అని.

నవ్వొస్తే నవ్వండి. తిరుపతిలో పుట్టినదానికి ఆ మాట ఇంకెట్లా వినబడుతుంది? మా ఇంట్లో దేవుడికి మొక్కుకున్నది ఏదైనా సరే, మా అవ్వ దాని మీద నామం దిద్ది పక్కన పెట్టేది. ముడుపు చెంబుకు నామం, దీపానికి నెయ్యి పోసిన ముంతకు నామం. వాటిని ఇంక ఎవరూ ముట్టుకోకూడదు. ఈ చేను కూడా అట్లాగే మొక్కుకొని వదిలేశారు కాబోలు అనుకున్నాను. అన్ని రోజులుగా మామ ఎద్దుల్ని ఎందుకు అదిలిస్తున్నాడో అర్థమైపోయిందనుకొని, నా తెలివిని నేనే మెచ్చుకున్నాను.

మధ్యాహ్నం నీళ్లు పెట్టాను. మైలెద్దు తాగలేదు. కింది చేను వైపు చూస్తూ నిలబడింది. నాకు దేవుడి మీదే కోపం వచ్చింది. కొండ మీద ఆయనకు ఏం తక్కువని, ఆకలితో ఉన్న పశువు నాలుగు పోచలు కొరికితే తప్పుపడతాడు? పాపమంటూ ఉంటే నాకే తగలనీ అనుకొని పలుపు విప్పాను. పుల్లెద్దును కట్టుకొయ్యకే ఉంచి, మైలెద్దును ఒక్కదాన్ని చేలోకి వదిలాను.

అది ఆత్రంగా తినడం చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఇంటికి వచ్చాక నేను చేసిన మొదటి మంచి పని అదేననిపించింది.

కాసేపటికి అది తల ఎత్తింది. కాళ్లు ఎడంగా పెట్టుకొని నిలబడి వణకడం మొదలుపెట్టింది. నోట్లోనుంచి నురగ. పలుపు పట్టి లాగబోతే ముందుకాళ్లు మడిచి కూలబడింది. సరిగ్గా అప్పుడే నెత్తిన గడ్డిమోపుతో మామ గట్టెక్కాడు. మోపు అక్కడే పడేసి పరిగెత్తాడు. ముంతలో ఉన్న మజ్జిగ తెమ్మన్నాడు, అందులో చింతపండు పిసకమన్నాడు. వెదురు గొట్టంతో దాని గొంతులో పోస్తుంటే సగం పక్కనుంచి కారిపోయింది. కాళ్లు కొట్టుకుంది. కొంచెంసేపే. ఆ తర్వాత మామ గొట్టం కింద పెట్టి, దాని కన్ను మూశాడు.

"చెప్పినా గదా పాపా, నాము ఉండాదని," అన్నాడు.

"నామం అనుకుంటి మామా. దేవునికి మొక్కుకోని ఇడిసిపెట్టినారేమో అనుకుంటి."

ఆయన దాని మెడలో పలుపు విప్పి పక్కన పెట్టాడు. అప్పుడు చెప్పాడు. కోసిన జొన్న మోడు నుంచి మళ్లీ వచ్చే పిలకనే నాము అంటారట. ఎండకు వాడినప్పుడు అది విషమట. ఎద్దు నాలుగు కబళాలు తింటే చాలట. ఈ మాట పల్లెల్లో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసట. చెప్పడం అయ్యాక, "ఊర్లో పుట్టినోళ్లకి చెప్పినట్ట చెప్పేస్తిని నీకు. నాదే తప్పు" అన్నాడు.

అప్పటికి పక్క బావుల దగ్గర ఉన్నవాళ్లు గట్టు మీదికి వస్తున్నారు. ఏమైందప్పా అని అందరూ ఒకేసారి అడిగారు. నేను నోరు తెరిచాను. మామ నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నేనే ఇడిసినా. ఎండకి కండ్లు తిరిగి, యాడ తోల్తా ఉండానో సూసుకోలా," అన్నాడు.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

చేను చివర గుంత తీసి పూడ్చాం. ఒంటెద్దుతో మా కపిల కదలదు. పక్కాయన తన ఎద్దును రెండు తడులకు ఇచ్చాడు, మూడో తడికి తన చేనే ఎండుతున్నదన్నాడు. అది న్యాయమే. మామా నేనూ కడవలతో మోసి ఒక మూల నాలుగు మడుల్ని బతికించాం. మిగతా రాగి వెన్ను విప్పే సమయానికి ఎండిపోయింది. పుల్లెద్దును సంతకు తోలాల్సి వచ్చింది. ఆ ఎండాకాలం మామ మామిడి తోటల్లో కాయలు మోసే కూలికి పోయాడు. ఆకలి సంగతి చెప్పాలంటే చాలా ఉంది గానీ, నాకు గుర్తుండిపోయింది అది కాదు.

ఎద్దు కొనడానికి మామను పిలవడం ఊళ్లో మానేశారు. ఎవరూ మొహం మీద అనలేదు, పిలవడం మానేశారంతే. సంతలో ఆయన వస్తే పక్కకు జరిగి చోటిచ్చేవాళ్లు లేరు. టీ కొట్టు దగ్గర ఒక కుర్రవాడు, ఎద్దుకు నాము పెట్టి ఇంటికి నామం పెట్టుకున్నాడు మా పెద్దాయన అన్నాడట. ఆ మాట ఊరంతా తిరిగి మా వాకిట్లోకీ వచ్చింది. విని మామ కూడా నవ్వాడు. నేను లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చున్నాను. వాడు ఊరికే ప్రాసకు అన్నాడు. నన్ను మాత్రం ఆ మాట చీల్చేసింది.

పుత్తూరు నుంచి వచ్చిన అత్తకూ, వారం తిరిగి వచ్చిన నా మొగుడికీ మామ అదే చెప్పాడు. సంగటి ముద్ద పెట్టినప్పుడల్లా అత్త ఆ ఎద్దు మాట ఎత్తేది. ముద్ద చిన్నదైతే ఇంకా గట్టిగా ఎత్తేది. పక్కన చట్నీ వడ్డించేది నేను. ఈ రోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఒకసారి పెరట్లో మామ దగ్గర ఆ మాట ఎత్తితే, వద్దన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఆయనే వద్దన్నాడు గదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు భయం. ఊళ్లో అందరూ నన్ను చూసి నవ్వుతారని భయం. ఆ నవ్వును ఒక మనిషి నా బదులు మోస్తుంటే హాయిగా ఉండింది.

ఏడేళ్ల తర్వాత, మళ్లీ ఎండాకాలంలోనే, మామ పోయాడు. వాకిట్లో పడుకోబెట్టారు. మా వైపు ఆడవాళ్లు ఊరికే ఏడవరు, పోయిన మనిషి బతుకంతా ఒక్కొక్కటే ఎత్తి చెప్పి ఏడుస్తారు. దగ్గరివాళ్లు మెడలు పట్టుకొని ఆ మాటే అందుకొని ఏడవాలి. అత్త ఆయన పెళ్లి చెప్పింది, తవ్విన బావి చెప్పింది, పిల్లలకు పెట్టి తాను పస్తున్న రోజులు చెప్పింది. ఆ తర్వాత, "బంగారట్టా ఎద్దును నీ చేత్తో నాములోకి తోలుకుంటివే సామీ" అంది.

చుట్టూ ఆడవాళ్లంతా అందుకున్నారు. నేను అత్త మెడ పట్టుకొని, అందరికంటే గట్టిగా, అదే మాట అని ఏడ్చాను.