నీలం మచ్చను తీసేసిన లెక్క

నాన్న పెద్దకర్మకు ఫ్రేము కట్టించాల్సిన ఫొటో నేనే తయారుచేశాను. ఖమ్మంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేదాన్ని, ఇంకొకరి చేతికి ఎందుకివ్వాలని నా పొగరు.

ఫొటో అంటే పారిపోయే మనిషి ఆయన. మణుగూరు బొగ్గుగని క్వార్టరు వరండాలో నేను ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోలోనే ముఖం దగ్గరగా ఉంది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫోన్‌లో జాగా లేదని అక్కడ చెరిపేశాను. ఆయిల్ పెయింటింగ్ ఫిల్టరు వేసి సేవ్ నొక్కాను. పాతదాని మీదే సేవైంది.

అమ్మ ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏంది బిడ్డా గిది? మీ నాయిన చెంప మీది నీలం మచ్చ ఏడ పోయింది?"

గనిలో బొగ్గుపెళ్ల ఊడిపడి నాన్న చెంప చీరుకుపోయింది. గాయం మానింది గాని, లోపలికి పోయిన బొగ్గు దుమ్ము చర్మం కింద నీలం గీతలా ఉండిపోయింది.

"ఫిల్టరు తీసేసిందమ్మా."

"దానికేం ఎరుక, పాడు ఫిల్టరు! నువ్వన్న చూసుకోలేదా?"

"చూడలేదమ్మా" అన్నాను.

ఎలాగైనా ఆ మచ్చను వెనక్కి తేవాలని, అప్పుడు ఫిల్టరు లెక్క నేర్చుకున్నాను. ఇన్నేళ్లూ బటన్ నొక్కడమే గాని, లోపల ఏం జరుగుతుందో పట్టించుకున్న పాపాన పోలేదు. ఫొటో అంటే అంకెల గళ్లు, ఒక్కో రంగుకు ఒక్కో అంకె. ఫిల్టరు ఒక్కో గడి దగ్గర ఆగి, చుట్టూ ఎక్కువ గళ్లలో ఏ రంగుంటే ఆ రంగే దీనికీ పూస్తుంది. నోటుబుక్కులో తొమ్మిది గళ్లు గీశాను. మధ్య వరుస మూడింటిలో మచ్చ అంకె, మిగతా ఆరింటిలో చర్మం అంకె వేశాను. లెక్క చేస్తే నడిమి గడి కూడా చర్మమైపోయింది. ఇక జవాబు నుంచి వెనక్కి రాబోయాను. నడిమి గడిలో మొదట ముప్పై ఉన్నా డెబ్బై ఉన్నా జవాబు ఒకటే వస్తుంది. ఏది ఉండేదో చెప్పే దారే లేదు. పుస్తకం మూసి ఏడ్చాను.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏడ్వకు. నీ చేత్తోనే దిద్దు, నేను చెప్త. గీడ సన్నగ, కిందికొచ్చినంక జర వంకర."

తెర మీద ఆమె వేలు పెట్టిన చోటల్లా నీలం వేస్తూ పోయాను.

చూడలేదన్నది అబద్ధం. మచ్చ పోవడం చూశాను. నాన్న ఎంత శుభ్రంగా ఉన్నాడో అనుకుని, నచ్చబట్టే సేవ్ నొక్కాను. చిన్నప్పుడు ఆయన బడికొస్తే, ఆ చెంప నా స్నేహితురాళ్ల కంట పడకుండా అటువైపు నిలబడేదాన్ని. ఈ మాట అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. ఆమె ఇంకా ఫిల్టరునే తిడుతోంది.