ముడి బిగిసిందని ఆపిన మందు

ముసురు పట్టి, రంగు అద్దిన నూలు ఆరడం లేదు. దాన్ని దండెం మీద నుంచి తీసి లోపల వేస్తుండగా ఫోన్ వచ్చింది. పట్నం దవాఖానలో మా పెద్దమ్మ చనిపోయింది. పోచంపల్లిలో మా వీధి చివరి ఇల్లు ఆమెది.

ఆమె పని చిటికి కట్టడం. రంగు అంటకూడని చోట నూలుకు రబ్బరు చుట్టి ముడి వేయాలి. ముడి వదులైతే రంగు లోపలికి పోయి చీర చెడుతుంది. ఆమె కట్టిన నూలుకు పేరుండేది. ఎవరైనా పలకరిస్తే, ముడి పడ్డాకే జవాబు చెప్పేది.

తర్వాత చేతులు వణకడం మొదలైంది. చలికాలంలోనూ మెడ మీద నీళ్లు చల్లుకునేది. ఎంత తిన్నా చిక్కిపోయింది.

"తిన్నదంతా ఏడ దాస్తున్నవ్ అక్కా?" అని మా అమ్మ అడిగితే, "నా గుండెల మగ్గం నడుస్తాంది చెల్లే, దానికే పెడుతున్న" అని నవ్వేది.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. మూడు దారులు చూపింది. ఏడాది పైగా మాత్రలు, మధ్యమధ్యలో రక్తపరీక్షలు. లేదా గ్రంథిని మాడ్చే అయోడిన్ మందు. లేదా ఆపరేషన్. అయోడిన్ మందు తీసుకుంటే కొన్నాళ్లు చిన్నపిల్లలకు దూరంగా పడుకోవాలంది. ఇంట్లో పసి మనుమరాలు ఉంది.

"ఇంట్ల సగం మగ్గమే. ఇగ వేరే అర్ర ఏడికెల్లి తేవాలె?" అన్నాడు ఆమె భర్త, మా పెద్దనాయన. ఆపరేషన్‌కు పెద్దమ్మే భయపడింది. మాత్రలు రాయించుకుని వచ్చాం.

మాత్రలు పనిచేశాయి. కొన్ని నెలలకు వణుకు పోయింది. మా ఇళ్లలో మనిషి బాగున్నదీ లేనిదీ పనిలోనే చూస్తారు. ఆమె కట్టిన నూలును పెద్దనాయన గోటితో గీకి చూశాడు.

"ముడి బిగిసింది. ఇగ గోలీలెందుకే?"

"ఆపొద్దన్నది గదా డాక్టరమ్మ."

"డాక్టరమ్మ చిటికి కడ్తదా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, మాత్రలు గూట్లో పెట్టేసింది. రక్తపరీక్షకూ పోలేదు.

మళ్లీ వణుకు వచ్చినప్పుడు మణికట్టును మోకాలికి ఆనించి కట్టేది. ఏమైందంటే "జర ఉడకపోస్తాంది" అనేది. ముడులు అప్పటికీ గట్టిగానే పడ్డాయి. అందుకే ఎవరూ ఫికర్ చేయలేదు.

ఆయుష్షు అంతేనని చావింటికి వచ్చినవాళ్లు అన్నారు. డాక్టరమ్మ అలా అనలేదు. మందు ఆపినందుకు జబ్బు తిరగబెట్టిందని, గుండె తట్టుకోలేకపోయిందని చెప్పింది.

నాకు ఫోన్ వచ్చిన ఆ సోమవారం తెల్లవారుతూనే పెద్దమ్మకు ఊపిరాడలేదు. మగ్గం మీద చీర ఉంది. అది దించి మధ్యాహ్నం వస్తానన్నాడు పెద్దనాయన. పొద్దున ఎనిమిదింటికి ఆటో కదిలింది. ఆమె వెంట కోడలు ఒక్కతే పోయింది.