కాఫీలో కలిపిన ఆముదం

ఆదిలక్ష్మి వండిన ఆముదమంటే రాజోలు వైపు ఓ పేరుంది. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లలో మరగబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో ఓపిగ్గా తీసేది. పసిపిల్లల మాడుకి అద్దాలన్నా, పట్టేసిన మోకాలికి ఆముదపాకు వెచ్చచేసి కట్టాలన్నా ఆవిడకే కబురొచ్చేది. అలాంటి మనిషి కూతురి పురుటికి దుబాయ్ వెళ్తూ సీసా తీసుకెళ్లకుండా ఉంటుందా? చీరల మధ్య చుట్టి మరీ తెచ్చింది.

దుబాయ్ అన్నది ఊళ్లోవాళ్ల మాట. అల్లుడు మహీధర్ ఉండేది రువైస్‌లో, కంపెనీ క్వార్టర్సులో. కూతురు పద్మజని చూసే డాక్టరేమో అబుదాబిలో, కారులో గంటల ప్రయాణం.

డాక్టరు చెప్పిన తేదీ దాటిపోయింది. నొప్పుల జాడ లేదు. ఆవిడ వీసా గడువు మాత్రం దగ్గరపడింది.

"ఇంక పొడిగించరండీ అత్తయ్యగారూ. ఖలాస్. బుధవారం ఫ్లైటెక్కాల్సిందే," అన్నాడు మహీధర్.

పురుడు పొయ్యడానికొచ్చి, బిడ్డ మొహం చూడకుండా వెళ్లిపోవడమా? పద్మజకి పథ్యం ఎవరు వండుతారు, పసిగుడ్డుకి నీళ్లెవరు పోస్తారు? ఆదిలక్ష్మి తల్లి రోజుల్లో నెలలు నిండిన పిల్లకి కాఫీలో ఇంత ఆముదం కలిపి పట్టిస్తే నొప్పులొచ్చేవి. ఎవరికీ ఏమీ కాలేదని ఆవిడ నమ్మకం. అయినా ఎవరికన్నా ఏమన్నా అయితే, ఆ మాట గడప దాటనిచ్చారా?

మర్నాడు పొద్దున్నే కలిపిచ్చేసింది.

"ఏంటమ్మా, జిడ్డుగా ఉంది?"

"ఈ ఊరి పాలే అలా ఏడుస్తున్నాయి. తాగెయ్."

మధ్యాహ్నానికి విరేచనాలు, వాంతులు, వాటితోపాటే ఊపిరి తిప్పుకోనివ్వని నొప్పులు. అబుదాబి దాకా ఆగదని మహీధర్ ఊళ్లో ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాడు. ఉమ్మనీరు పచ్చగా ఉంది, బిడ్డ కడుపులోనే దొడ్డికెళ్లింది, గుండె కొట్టుకోవడం తగ్గిపోతోంది అన్నారు. పొద్దున్నించి ఏమైనా మందు వేసుకుందా అని డాక్టరు అడిగితే, మహీధర్ లేదన్నాడు.

ఆదిలక్ష్మి పక్కనే ఉండి వింది. చెబితే అల్లుడు జన్మలో మొహం చూడడు. చెప్పకపోతే లోపలున్న ప్రాణం ఏమవుతుందో తెలీదు.

"నేనే పట్టించాను బాబూ, ఆముదం. దానికి తెలీదు. డాక్టరుగారికి చెప్పు."

మహీధర్ ఆవిడ వైపు చూడలేదు. డాక్టరుకి మాత్రం చెప్పాడు. వెంటనే ఆపరేషనన్నారు.

ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. ఏడిచాక కూడా ఊపిరి అందక అద్దాలపెట్టెలో పెట్టారు. ఆదిలక్ష్మి ఆ అద్దం ముందు నిలబడి మొక్కని దేవుడు లేడు. మంగళవారానికి గండం గడిచింది, పిల్లని తల్లి పక్కలోకి తెచ్చారు.

బుధవారం మహీధర్ ఆవిడ పెట్టె పట్టుకుని ఆసుపత్రి గది గుమ్మంలో నిలబడ్డాడు. ఆపరేషన్ రోజునించీ అత్తగారితో ఒక్క మాటా లేదు. సంగతంతా తెలిశాక కూడా పద్మజే అతని చేత ఇంట్లోంచి సీసా తెప్పించింది.

"వెళ్లేముందు నీ చేత్తో మాడుకి పెట్టమ్మా."

ఆదిలక్ష్మి బొటనవేలు నూనెలో ముంచింది. ఊళ్లో ఎంతమంది పిల్లలకి పెట్టిన వేలు అది. పిల్ల మాడు ఊపిరికి మెత్తగా లేచి పడుతోంది. వేలు దానిదాకా వెళ్లి ఆగిపోయింది. ఆవిడ నూనె కొంగుకి తుడిచేసుకుంది.

"వద్దులేమ్మా," అంది. "డాక్టర్నడిగి నువ్వే పెట్టు."