మల్గి ముందరి స్తూపం

గోపన్‌పల్లి చౌరస్తాలో భ్రమరాంబ మెస్ అంటే ఆ చుట్టుపక్కల ఆఫీసుల కుర్రాళ్లందరికీ తెలుసు. పొద్దున ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు, చెనిక్కాయల పొడి. ఇంటి తిండి మీద మనసు పోయినప్పుడల్లా కర్నూలు, అనంతపురం పిల్లలు గచ్చిబౌలి నుంచి బండ్లేసుకుని వచ్చేవాళ్లు. భ్రమరాంబది కర్నూలు జిల్లా ఆత్మకూరు. వరసగా పంటలు ఎండిపోయాక మొగుడు నారాయణప్పతో ఇటొచ్చింది. అతను ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నచోట సామాన్ల గదికి కాపలా. ఎవరి ముఖమూ తెలియని ఊళ్లో వాళ్లను నమ్మి రోడ్డు పక్క మల్గి, అంటే దుకాణం గది, కిరాయికిచ్చింది చంద్రమ్మ. వెనకనున్న గది కూడా ఇచ్చింది.

చంద్రమ్మది ఆ ఊరే. వాళ్ల చేను ఉన్నచోట ఇప్పుడు అద్దాల మేడ ఉంది. మిగిలింది ఆ ఇల్లు, ముందరి మల్గి. కొడుకు నర్సింహ ఆఫీసు క్యాబ్ నడుపుతాడు. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఆమె మెస్ గడపలో కూర్చుని బియ్యం ఏరేది. అట్లా ఏరుతూ ఒకనాడు తన అన్న సంగతి చెప్పింది.

"మా అన్న మొగిలి. అరవై తొమ్మిదిల పట్నంల చదువుకుంటుండె. తెలంగాణ కావాలని ఊరేగింపుల పోయిండు, తుపాకి గుండు తగిలింది. మా నాయన పోయేటాలకే పోలీసోళ్లు కాలవెట్టిండ్రట. పిడికెడు బూడిద గూడ చేతికి రాలే బిడ్డా."

"గన్‌పార్కు కాడ స్తూపం ఉండాది గదక్కా, అట్లాంటోళ్ల కోసమే గదా?"

"పోయి మొక్కిన. అది అందరిది. మా వోని పేరు యాడనన్న ఉన్నదేమోనని సదువొచ్చినోళ్లను అడుక్కుంట సుట్టు తిరిగిన."

అంతకంటే ఏమీ అనలేదు.

రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులు మూతపడ్డాయి. నర్సింహ, అతని దోస్తులు కలిసి చౌరస్తాలో అమరవీరుల స్తూపం కడదామనుకున్నారు. గన్‌పార్కులో ఉన్నదానిలాగే, కాకపోతే చిన్నది. కింద నల్లరాయి దుఃఖానికట, మీద ఎర్రని స్తంభం నెత్తురికట, కొసన తెల్లపువ్వు శాంతికట. నర్సింహ ఇటుకముక్కతో నేల మీద గీసి తల్లికి చూపించాడు. చంద్రమ్మ లేచి, మల్గి ముందర అడుగులు వేసి, "గీడ కట్టుండ్రి. మొదటి పేరు మా అన్నది రాయుండ్రి" అంది.

పని మొదలైన నాటి నుంచి మెస్ ముందర జనం. పొద్దంతా మైకులో పాటలు, ఉపన్యాసాలు. భ్రమరాంబకు వాళ్ల మీద కోపం లేదు. చాయ్ అడిగితే కాచి ఇచ్చేది. కానీ మెస్‌కొచ్చే సీమ పిల్లలు రావడం మానేశారు. నోరు తెరిస్తే మాట తీరుతో సీమవాళ్లని పట్టేస్తారని వాళ్ల భయం. ఎవరో కుర్రాడు నవ్వుతూ, "ఇగ నువ్వు గూడ సామాన్ సర్దుకోరాదే అక్కా" అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ మాట మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే రోడ్ల పని చూసే ఉద్యోగి ఒకాయన భోజనానికి వచ్చాడు. ఆయనకు రొట్టె వడ్డిస్తూ భ్రమరాంబ బయటికి చూసి, "ఆ కట్టేది రోడ్డు మీదికే వచ్చిండాది గదా సార్, ఎవరూ అడగరా?" అంది. ఆయన ఒకసారి తలెత్తి చూశాడు. "చూద్దాంలే అమ్మా" అని చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఆమె ఆ మాటే మరిచిపోయింది.

ఆ వారంలోనే, ఇంకా తెల్లగా తెల్లవారకముందే, జేసీబీ వచ్చింది. భ్రమరాంబ తలుపు తీసేసరికి నల్లరాళ్లు పగిలి పడున్నాయి. చంద్రమ్మ జుట్టు ముడి కూడా వేసుకోకుండా వచ్చింది. ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. వంగి రాతిముక్కలు కొంగులోకి ఏరుకుంది. అది చూస్తుంటే భ్రమరాంబకు రొట్టె వడ్డిస్తూ ఆ ఉద్యోగితో అన్న మాట గుర్తొచ్చింది.

ఇది ఎదురుగా మేడ కడుతున్న రాయలసీమ బిల్డర్ పనేనని కుర్రాళ్లు తేల్చేశారు. అతని ఆఫీసు అద్దాలు పగలగొట్టారు. పోలీసులు నర్సింహను పట్టుకుపోయారు. చంద్రమ్మ భ్రమరాంబ దగ్గరికే వచ్చి, "నా కాళ్లు ఆడుతలేవు బిడ్డా. వానికింత బువ్వ తీస్కపో" అంది. భ్రమరాంబ డబ్బా పట్టుకుని ఠాణాకు వెళ్లింది. నర్సింహ పెదవి వాచి ఉంది. డబ్బా అందుకుని, "సీమోళ్లందరు గట్లుండరని మా దోస్తులకు చెప్తనే ఉన్ననక్కా, నిన్ను జూపిచ్చి" అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. నారాయణప్ప లేచి తలుపు గడియ పెట్టి వచ్చాడు. "ఎవురికీ చెప్పొద్దు. చెప్తే ఈడ ఉండలేం" అన్నాడు.

నర్సింహ విడుదలయ్యాక, చలికాలంలో స్తూపం మళ్లీ లేచింది. ఈసారి రోడ్డుకు కాస్త ఎడంగా, చంద్రమ్మ వాకిట్లోనే. భ్రమరాంబ మేస్త్రీలకు వండిపెట్టింది, ఇసుక తట్టలు మోసింది. ఎంత మోసినా బరువు దిగలేదు. పైగా అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు వాతలా తగిలేది.

ఆవిష్కరణకు ముందునాడు చంద్రమ్మ బంతిపూల దండ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "రేపు మొదటి దండ నువ్వెయ్యాలె బిడ్డా. సొంతోళ్లు చెయ్యనంత చేసినవ్."

భ్రమరాంబ దండను పక్కన పెట్టింది. "నేను వేయగూడదక్కా. అది పడగొట్టిచ్చింది ఆ బిల్డరు గాదు, నేనే" అని రొట్టె వడ్డిస్తూ అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పింది. "భయమేసింది. బతుకు పోతాదని భయమేసింది. ఇంత జరుగుతాదనుకోలేదు."

చంద్రమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "నర్సింహ ఠాణాల ఉన్ననాడు నీకెరికేనా?"

"ఎరికే."

"డబ్బా వాని చేతికిచ్చినప్పుడు గూడ?"

భ్రమరాంబ తలూపింది.

"ఇగ పో. నన్ను జర ఒక్కదాన్ని కూసోనియ్."

ఖాళీ చేయమంటారని భ్రమరాంబ గిన్నెలు సర్దిపెట్టుకుంది. ఎవరూ రాలేదు. మర్నాడు మొదటి దండ చంద్రమ్మే వేసింది. ఆ సంగతి కొడుకుతో కూడా అనలేదని భ్రమరాంబకు పోనుపోను తెలిసింది, నర్సింహ ఎప్పటిలాగే అక్కా అని పిలుస్తున్నాడు మరి. తిట్టి, నలుగురిలో పెట్టి ఉంటే ఆ నొప్పి ఎప్పటికో మానేది. చంద్రమ్మ ఎదురైతే తలూపేది, అంతే. మధ్యాహ్నాలు మెస్ గడప ఖాళీగా ఉండేది.

రెండు వేల పద్నాలుగు జూన్ రెండున తెలంగాణ వచ్చింది. పొద్దున్నుంచే చౌరస్తా గులాలుతో గులాబీ రంగుకు తిరిగింది. భ్రమరాంబ తలుపు సగం వేసి లోపల నిలబడింది. వీధిలోంచి చంద్రమ్మ పిలిచింది. మోకాళ్ల నొప్పులు. స్తూపం మెట్లెక్కడానికి భుజం కావాలి. నర్సింహ ఎక్కడో జనంలో ఉన్నాడు.

ఇద్దరూ మెట్లెక్కారు. పైకెక్కాక చంద్రమ్మ రాతి మీద అరచెయ్యి పెట్టి, "సదువు రాని దాన్ని. మా వోని పేరు యాడ మొదలైతది?" అని అడిగింది.

భ్రమరాంబ ఆమె వేలు పట్టుకుని అక్షరాల గాడిలో పెట్టింది. "ఇది మొ. ఇది గి. ఇది లి."

"ఇంతేనా? గింత చిన్నగుందా?"

"చిన్నదే అక్కా."

చంద్రమ్మ వేలు ఆ మూడక్షరాల మీద మళ్లీ మళ్లీ తిరిగింది. క్షమించమని అడగాలని భ్రమరాంబకు నోటిదాకా వచ్చింది. అడిగితే చంద్రమ్మ జవాబు వెతుక్కోవాలి. ఆ పూట ఆమెకు ఆ పని పెట్టకూడదనుకుంది. వెనక నుంచి జనం దండలతో తోసుకొస్తున్నారు. ఆమెకు దెబ్బ తగలకుండా భ్రమరాంబ వీపు అడ్డం పెట్టి నిలబడింది.