చెంచురామయ్య ముట్టని ప్లేటు

సంబంధాలు కుదిర్చేవాడు కొత్త ఇంట్లో అడుగుపెడితే కన్ను ఎటు పోవాలి? గోడమీది ఫొటోల మీదికి పోవాలి, ఇంటి ఆడవాళ్ళ ముఖాల మీదికి పోవాలి. చెంచురామయ్య కన్ను మాత్రం నడవలోంచి దూసుకుపోయి పెరట్లో తేలేది. మరుగుదొడ్డి ఏ మూల ఉంది, అక్కడికి పోయే దారిలో ఎవరు కూర్చున్నారు, తలుపుకి గొళ్ళెం ఉందా, తొట్టిలో నీళ్ళున్నాయా? ఇవన్నీ తేలాకే ఆయన నోట పిల్ల మాట వచ్చేది.

ఆయనది ఇంకొల్లు. పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేసి, అది మూతపడ్డాక సంబంధాల పని పట్టుకున్నాడు. ఇటు చీరాల నుంచి అటు చిలకలూరిపేట దాకా మిరపా పత్తీ వేసే ఇళ్ళల్లో ఆయన తొక్కని గడప లేదు. ఒకరి లోపం దాచి ఇంకొకరికి అంటగట్టడని పేరు. ఆ పేరుమీదే ఇల్లు గడిచేది.

తొంభై తొమ్మిది వానాకాలంలో మొదలైంది కడుపు గొడవ. పొద్దున లేవగానే ఒకసారి. కాఫీ తాగితే ఇంకోసారి. ఇక చాల్లే అనుకుని చెప్పుల్లో కాలు పెడితే, ఆ చెప్పుల్లో ఏముందో గానీ, మళ్ళీ. పేగు మెలిపెట్టేది, పోయొస్తే సర్దుకునేది, సర్దుకుందని బస్టాండుకి వెళితే బస్సు కనపడగానే తిరిగి అందుకునేది. ఒక్కో వారం ఇదంతా తల్లకిందులై అసలు కదలిక లేక పొట్ట డోలులా బిగిసిపోయేది. అప్పుడు అదో భయం.

బస్సులో ఆయన ఎప్పుడూ తలుపు పక్క సీటే. ఊళ్ళు కాదు, కాలవ గట్లూ తుమ్మ చెట్లూ గుర్తుపెట్టుకుని ప్రయాణం చేసేవాడు. చీరాల బస్సు కండక్టరు అల్లాబక్షుకి సంగతి అర్థమై చాలా రోజులైంది.

“టికెట్ చీరాలకా బాబాయ్, కాలవ గట్టుకా?” అనేవాడు.

బస్సంతా నవ్వేది. చెంచురామయ్య కూడా నవ్వేవాడు, పొట్ట మీద చెయ్యి తీయకుండా. దిగాల్సి వస్తే మాత్రం, “ఇక్కడ పొలంలో ఒకాయన్ని చూసి వస్తా, నువ్వు పో” అనేవాడు. ఆ పొలంలో ఎవరూ ఉండరని బస్సుకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

వాము నీళ్ళు తాగాడు. దానిమ్మ తొక్కు మరిగించి తాగాడు. చీరాలలో రక్తం తీశారు, మలం పరీక్ష చేశారు, స్కానింగ్ తీశారు. అన్నీ చూసి ‘ఏమీ లేదు’ అన్నారు. ఏమీ లేకపోవడమేమిటి? ఏమీ లేనిది ఇంతగా మెలిపెడుతుందా? ఆయన పెద్దన్న పోయింది పేగులో పుండు ముదిరే. ఆ సంగతి గుర్తొచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు.

రెండేళ్ళు ఇలా గడిచాక భార్య వెంకటరావమ్మ గొడవపడి పంపిస్తే, గుంటూరు బ్రాడీపేటలో నసీమున్నీసా అనే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కాగితాలన్నీ తిరగేసి పక్కన పెట్టింది.

“రక్తం పడుతోందా?”

“లేదమ్మా.”

“బరువు తగ్గారా?”

“అదీ లేదు.”

“నిద్రలోంచి లేపుతోందా?”

చెంచురామయ్య ఆలోచించాడు. “నిద్రలో నా జోలికి రాదమ్మా. నేను లేచాకే అదీ లేస్తుంది.”

ఆవిడకి నవ్వొచ్చింది. “పుండూ లేదు, గడ్డా లేదు చెంచురామయ్యగారూ. మీ పేగు పనిచేసే తీరు గాడి తప్పింది. ఐబీఎస్ అంటారు. ప్రాణం తీసే జబ్బు కాదు, ఒక్క మందుతో పోయేదీ కాదు. తిండితోనూ అలవాట్లతోనూ మచ్చిక చేసుకోవాలి. కారం తగ్గించండి. బజ్జీలూ వేపుళ్ళూ వద్దు. పరగడుపున కాఫీ వద్దు. పాలు కొన్నాళ్ళు మానేసి చూడండి, తేడా ఉందో లేదో మీకే తెలుస్తుంది. వేళకి తినండి, నమిలి తినండి. పొద్దున్నే నడవండి.”

“గుంటూరులో కూర్చుని కారం తగ్గించమంటున్నారు. మిర్చి యార్డు వాళ్ళు వింటే ఊరుకోరమ్మా!”

“యార్డు వాళ్ళూ వస్తారు నా దగ్గరికి. తలుపేశాక మీలాగే గొంతు తగ్గించి మాట్లాడతారు.”

ఆ పూట ఆయన కొంచెం తేలికపడి ఇల్లు చేరాడు. డాక్టరు మాట దీక్షలా పట్టాడు. కాఫీ మానాడు, పాలు మానాడు, బయట తినడమే మానాడు. వెంకటరావమ్మ కూరల్లో ఎండుమిరపకాయ తుంచి వెయ్యడం కూడా ఆపింది. పండుమిరపకాయ పచ్చడి జాడీ అటక మీదికెక్కింది. అయినా కడుపు లొంగలేదు. ఒకరోజు బాగుంటే రెండు రోజులు బాధ. ఎందుకో అంతుపట్టక ఆయన ఇంకా గింజుకున్నాడు.

ఆ మాఘమాసంలోనే వీరాంజనేయులు కూతురి పెళ్ళిచూపులు వచ్చాయి.

వీరాంజనేయులుది పర్చూరు పక్కన పల్లె, నాలుగెకరాల మిరప. కూతురు బిందుమాధవి డిగ్రీ పూర్తిచేసింది. అబ్బాయి త్రినాథ్ మార్టూరులో గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరు; తండ్రి లేడు, తల్లి రాజేశ్వరి మాటే ఆ ఇంట్లో మాట. రెండు వైపులా చెంచురామయ్యకి బాగా తెలుసు. చేతులారా కుదిర్చిన జతల్లో ఇంత చక్కగా అమరేది ఇంకోటి లేదనుకున్నాడు.

చూపుల్లో మధ్యవర్తి ప్లేటుకి ఆ ఊళ్ళల్లో ఒక విలువుంది. ఎవరూ నోరు తెరిచి చెప్పరు గానీ, ప్లేటులో ముందు చెయ్యి పెట్టేది మధ్యవర్తే. ఆ ఇంటి గుట్టుమట్లు తెలిసినవాడు గదా! అతను నిబ్బరంగా బజ్జీ కొరికితే అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క. అప్పుడు మగపెళ్ళివారి చేతులు కదులుతాయి.

ఆ రోజు బస్సు కుదుపులకి చెంచురామయ్య కడుపు దారిలోనే మొదలెట్టింది. కుర్చీ అంచున కూర్చున్నాడు. పిల్ల ప్లేట్లు తెచ్చింది. మిరపకాయ బజ్జీలు, బూందీ మిఠాయి, పక్కన పొగలు కక్కే కాఫీ. ఆ నూనె వాసనకే పేగు ముడిపడింది. ఆయన ప్లేటు కింద పెట్టాడు. కాఫీ గ్లాసు పక్కకి జరిపాడు. మాటిమాటికీ నడవలోంచి పెరటి వైపు చూశాడు. దొడ్డి ఉంది, కానీ దాని ముందు నులకమంచం వేసుకుని నలుగురాడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళు ఎప్పుడు లేస్తారా అని మళ్ళీ చూశాడు. నుదుటి మీద చెమట.

ఎదురుగా కూర్చున్న రాజేశ్వరి ఇదంతా గమనిస్తూనే ఉంది. ఆవిడ కూడా బజ్జీ ముట్టలేదు.

వారమైనా మార్టూరు నుంచి కబురు రాలేదు. ఆ తర్వాత వచ్చింది: జాతకాలు కుదరలేదట. జాతకాలు కుదిరాకే చూపులకి వచ్చినవాళ్ళు! ఇంకో పది రోజులకి అసలు మాట ఊళ్ళు తిరిగి వచ్చింది. వీరాంజనేయులు ఇంటి పెరట్లో ఎవరినో దాచారట, వాళ్ళ వంశంలో మతిలేనివాళ్ళున్నారట, చెంచురామయ్యకి ఆ సంగతి తెలిసే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట.

వీరాంజనేయులు మోపెడ్ మీద వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

“ఏం బావా, మా ఇంటి బజ్జీలో విషం కలిపామా?”

“అదేం మాటరా వీరాంజనేయులూ, లోపలికి రా.”

“రాను. మా పెరట్లో ఏం చూశావో చెప్పు ముందు. కోడిపెట్టలా మెడ సాచి సాచి చూశావంటగా! ఇంకో సంబంధం వాళ్ళు కూడా రామన్నారు. నా పిల్ల గుమ్మం దాటి బయటికి రావడం లేదు.”

చెంచురామయ్య వీధి అటూ ఇటూ చూశాడు. ఊళ్ళో సగంమందికి మంచీ చెడ్డా చెప్పే మనిషి. ‘నా కడుపు నిలవదు, మీ దొడ్డి కోసం చూశాను’ అని వీధిలో ఎలా అంటాడు? రేపు ఏ ఇంట్లోనైనా అడుగుపెడితే పిల్లలు వెనకనించి ఏమని పిలుస్తారు?

“నాకు ఒంట్లో బాగాలేదురా ఆ రోజు,” అన్నాడు చివరికి.

“ఒంట్లో బాగాలేనోడివి తెల్లారి ఇంకో ఊరు పోయావుగా! ఇదంతా నమ్మేవాడు ఎవడు బావా?” బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట నుంచి కడుపు ఇంకా విరుచుకుపడింది. ఇంట్లో ఉండలేడు, బయటికి పోలేడు. వాకిలికీ పెరటికీ తిరగడమే పని. పిల్ల మంచిదని తనకి తెలుసు. తన ప్లేటు ఆ పిల్ల మీద మచ్చ వేసిందనీ తెలుసు. తుడవాలంటే ఒక్క మాట చాలు, ఆ మాటే అనలేకపోతున్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ బ్రాడీపేట వెళ్ళాడు.

“కారం మానేశారా?” అంది డాక్టరు.

“పూర్తిగా అమ్మా. వాసన కూడా చూడటం లేదు.”

“అయితే నిన్న ఏం తిన్నారో మొదటి ముద్ద నుంచి చెప్పండి.”

“మొదటి ముద్ద పత్యం. తర్వాత బీరకాయ కూర…”

“ఆగండి. పత్యం అంటే?”

“మా ఆవిడ దంచుతుందమ్మా. ఎండుమిరపకాయలూ ధనియాలూ కరివేపాకూ నల్లగా వేయించి, పెద్ద వెల్లుల్లి గడ్డ వేసి దంచి, వేడన్నంలో నెయ్యి పోసి కలిపి పెడుతుంది. కడుపు శుభ్రం చేస్తుంది.”

డాక్టరు కలం కింద పెట్టింది. “రోజూనా?”

“రెండు పూటలా. బాగా లేని రోజు ఇంకో ముద్ద ఎక్కువ.”

“కారం మానేశానంటిరే!”

“అది కారమేమిటమ్మా, మందు గదా! బాలింతలకి పెడతారు!”

చెప్పాక ఆయనకే ఎక్కడో గుచ్చుకుంది. ఆవిడ నవ్వకుండా ఉండటానికి బాగా కష్టపడింది. “మీ ఆవిడ ప్రేమగానే పెడుతోంది. చాలామందికి పడుతుంది కూడా. మీ పేగుకి ఆ మిరపకాయ ఎంత పడదో ఆ వెల్లుల్లీ అంతే పడకపోవచ్చు. ఒక నెల మానేసి చూడండి. ఇంకోటి. మనసులో ఏదో పెట్టుకుని తిరుగుతున్నారు. దానికీ పేగుకీ దగ్గర చుట్టరికం.”

చెంచురామయ్య తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, ప్లేటు సంగతంతా చెప్పాడు.

“నాకు చెప్తే నేను మాత్ర రాసిస్తాను,” అంది ఆవిడ. “ఆ పెద్దావిడకి చెప్తే పిల్లకి పెళ్ళవుతుంది.”

ఇంటికొచ్చి చెప్తే వెంకటరావమ్మ రోలు వైపు చూసింది. “మా అమ్మ చేతి పాళ్ళు అవి,” అంది. తర్వాత ముక్కు చీది, “అయితే రెండేళ్ళు నేనే పెట్టానన్నమాట మీకు ఈ బాధ,” అంది.

“ఛ, ఊరుకో. తిన్న నోరు నాది గదా!”

మర్నాడు మొదటి ముద్ద ఉత్త పప్పుకట్టు. చప్పగా, ఎవరో పరాయివాళ్ళింట్లో తింటున్నట్టుంది. కడుపు ఒక్కసారిగా బాగుపడలేదు. కానీ మెలికకీ మెలికకీ మధ్య ఎడం పెరిగింది. తెల్లవారి పత్తి చేల పక్కన నడిచొచ్చి, కాఫీ లేకుండా రెండు ఇడ్లీలు తింటే చెప్పుల్లో కాలు పెట్టగలుగుతున్నాడు. పెట్టగలుగుతున్నాడు గనక మార్టూరు వెళ్ళకుండా ఉండటానికి ఇక సాకు లేదు.

ఒక పొద్దున బయల్దేరాడు. కడుపు నిమ్మళంగానే ఉన్నా మనిషి కుదురుగా లేడు. రెండుసార్లు దిగిపోదామని లేచి మళ్ళీ కూర్చున్నాడు. మార్టూరులో చెట్ల ఆకుల మీద కూడా రాతిపొడి తెల్లగా పేరుకుని ఉంది. రాజేశ్వరి వాకిట్లో మినుములు చెరుగుతోంది. త్రినాథ్ డ్యూటీకి వెళ్ళబోతూ ఆగాడు.

“రండి అన్నయ్యగారూ. ఇంకో సంబంధం తెచ్చారా?”

“లేదమ్మా. ఆ సంబంధమే మళ్ళీ తెచ్చాను.”

“వాళ్ళింట్లో మీరే చెయ్యి పెట్టలేదు. మమ్మల్ని పెట్టమంటారా?”

చెంచురామయ్య అరుగు మీద కూర్చున్నాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు.

“లోపం వాళ్ళింట్లో లేదమ్మా, నా కడుపులో ఉంది. రెండేళ్ళ నుంచీ నాకు విరేచనం ఎప్పుడొస్తుందో నాకే తెలియదు. ఆ రోజు నేను పెరటి వైపు చూసింది దొడ్డి ఖాళీ అవుతుందేమోనని. వాళ్ళు పెరట్లో ఎవరినీ దాచలేదు. దాచింది నేనే, నా జబ్బుని.”

రాజేశ్వరి చేట ఆపింది. త్రినాథ్ అటు తిరిగి దగ్గాడు.

“ఇంత చిన్న ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా!”

“సిగ్గేసిందమ్మా.”

“మీ సిగ్గు మండ! ఆ పిల్ల ఎంత ఏడ్చి ఉంటుంది!” ఆవిడ చేట కింద కొట్టింది. “నిజమే చెప్తున్నారని ఎలా నమ్మమంటారు? అటువాళ్ళు పంపితే వచ్చి ఉండొచ్చుగా.”

ఆయనకి ఉన్న కాస్త పేరూ ఆ మాటతో అరుగు మీద పడి ఉంది. అంతలో, కంగారుకే కాబోలు, పొట్టలోంచి పెద్ద చప్పుడు వచ్చింది. వాకిలంతా వినపడింది. మామూలుగా అయితే ఏ పొలంలోనో ఒకాయన ఉన్నాడని లేచిపోయేవాడు. ఇప్పుడు లేచి నిలబడి, రాజేశ్వరి ముఖంలోకే చూసి అడిగాడు.

“అమ్మా, మీ దొడ్డి ఎటువైపు?”

ఆవిడ నోటి మీద చెంగు అడ్డం పెట్టుకుంది. “నూతి పక్కన. త్రినాథ్, మావయ్యగారికి బకెట్టుతో నీళ్ళు పెట్టరా.”

తిరిగొచ్చేసరికి పీట వేసి ఉంది.

“ఏం పడుతుందో చెప్పండి, అది చేస్తాను. మా ఇంట్లో మాత్రం తినకుండా కదలనివ్వను,” అంది రాజేశ్వరి.

“కారం లేకుండా, వెల్లుల్లి లేకుండా ఏదైనా పర్వాలేదమ్మా.”

“అది కూడా తిండేనా,” అని గొణుక్కుంటూ ఆవిడ లోపలికి వెళ్ళి పెసరకట్టూ, ఆనపకాయ ఉడకబెట్టి ఉప్పు చల్లిందీ తెచ్చి పెట్టింది. చెంచురామయ్య నెమ్మదిగా, ముద్ద ముద్దా నములుతూ తిన్నాడు. నాలుగో ముద్దకి కడుపు కదిలింది. చెయ్యి ఆపి, కాసేపు చూసి, మళ్ళీ కలుపుకున్నాడు.

రాజేశ్వరి ఎదురుగా కూర్చుని విస్తరి ఖాళీ అయ్యేదాకా కన్ను తిప్పలేదు. ఆ తర్వాత అడిగింది:

“ఆ పిల్లకి చేమంతులిష్టమా, మల్లెలా? ఈసారి ఉత్త చేతులతో రావడం బాగుండదు.”