మా ఊరు ఖాళీ చేయించిన మనిషి

మానుకోట స్టేషన్‌లో రైలాగగానే సిపాయిలు మా పెట్టెలోకి ఎక్కారు. మా అన్న కమ్యూనిస్టు దళంలో ఉన్నాడని ఎవరో చెప్పినట్టున్నారు, అమ్మ చెయ్యి పట్టి దిగమన్నారు. నేను ఆమె కొంగు పట్టుకుని ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న కళ్లద్దాల పెద్దమనిషి లేచి ఇంగ్లీషులో రెండు మాటలన్నాడు. వాళ్లు సెల్యూట్ కొట్టి అమ్మను వదిలేసి దిగిపోయారు.

"ఎవరు నాయినా నువ్వు? దేవుని లెక్క వచ్చినవ్," అంది అమ్మ.

"దేవుణ్ణి కాదమ్మా. ఢిల్లీలో రక్షణ శాఖ అధికారిని. అంతకుముందు కాలేజీలో యుద్ధనీతి పాఠాలు చెప్పేవాణ్ణి. దళాలకు తిండి అందకుండా అడవి అంచు ఊళ్లు ఖాళీ చేయించమని సర్కారుకు సలహా ఇచ్చింది నేనే."

మా ఊరూ అట్లాగే ఖాళీ అయింది. అప్పటికి మేం మిలిటరీ క్యాంపులో ఉంటున్నాం; ఆ రోజు అక్కడ చీటీ రాయించుకుని చుట్టాలింటికి పోతున్నాం.

"మరి మమ్ముల మా ఊరికి ఎప్పుడు పోనిస్తరు?" అని అడిగింది అమ్మ.

ఆయన గార్ల స్టేషన్‌లో దిగుతూ అమ్మకు నమస్కారం పెట్టాడు. అమ్మ కూడా రెండు చేతులూ జోడించింది.

"గాయినకెందుకు మొక్కినవవ్వా?" అన్నాను అమ్మతో కోపంగా.

కదిలిన బండి కిటికీలోంచి అమ్మ ఆయన పోయిన దిక్కు చూసింది.

"ఏమో బిడ్డా. మొక్కకుంటే మనసొప్పలే. మొక్కినంక గూడ ఒప్పలే."